జివ్కో మూడు చెంచాలు

మా ఇంటి పండుగకు ఎంతమంది వచ్చారో మా అమ్మ చెంచాలను బట్టి చెప్పేది. గడప దాటి వచ్చినవాళ్ళు ముందు కొవ్వొత్తి దగ్గర శిలువ గుర్తు వేసుకుంటారు. పళ్ళెంలో ఉడికించి దంచిన గోధుమ ఒక చెంచాడు నోట్లో వేసుకుని, చనిపోయిన పెద్దల్ని తలచుకుని, ఆ ఎంగిలి చెంచాను పక్కనున్న నీళ్ళ గ్లాసులో వేస్తారు. సాయంత్రం అమ్మ వాటిని కడుగుతూ లెక్కపెట్టేది. నలభై దాటితే మా నాన్న మొహం వెలిగేది. ముప్పైకి తగ్గితే ఎవరితో మాట తేడా వచ్చిందా అని వారం రోజులు తల పట్టుకునేవాడు. నేను వ్యాపారం నేర్చుకున్నది త్రాసు దగ్గర కాదు, ఆ గ్లాసు దగ్గర.

పండుగకు మేం ఎవరినీ పిలవం. ప్రతి ఇంటికీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చే సాధువు ఒకరుంటారు. ఆయన రోజున తలుపు తీసి ఉంటుంది, రావలసినవాళ్ళు వస్తారు. వచ్చినవాణ్ణి, పగవాడైనా సరే, పొమ్మనకూడదు. రానివాణ్ణి ఎందుకు రాలేదని నిలదియ్యకూడదు. రావడమే మాట, రాకపోవడమూ మాటే.

అమ్మ లెక్కను చెడగొట్టేవాడు ఒక్కడే ఉండేవాడు. మా వీధి చివర పీపాలు చేసే జివ్కో. నేను ప్లమ్ పళ్ళు ఎండబెట్టి అమ్మేవాణ్ణి, వాటిని నింపే పీపాలన్నీ అతని చేతివే. ఏటా అందరికన్నా ముందొచ్చి మూడు చెంచాల గోధుమ తిని, మూడు చెంచాలూ గ్లాసులో వేసేవాడు.

"ఒకటి నాకు. ఒకటి రాలేనివాడికి. ఒకటి రానన్నవాడికి," అనేవాడు.

"రానన్నవాడికి కూడా పెట్టాలట్రా?" అని అమ్మ కసిరేది.

"వాడి కోసమే ఎక్కువ పెట్టాలమ్మా. వాడి కడుపు మండుతూ ఉంటుంది."

పంతొమ్మిది వందల నలభై ఒకటిలో ఆ పండుగల రోజుల్లో జరిగింది చెబుతాను. దిమిత్రి సాధువు పండుగ నుంచి నికోలా సాధువు పండుగ దాకా, ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లో నేను వేసిన లెక్కలన్నీ సరైనవే. అయినా మొత్తం తప్పింది.

ఆ ఏడు ఏప్రిల్‌లో మా సైన్యం పదకొండు రోజుల్లో చేతులెత్తేసింది. వేసవి చివర్లో జర్మన్లు మా రాజధాని బెల్‌గ్రేడ్‌లో మావాళ్ళతోనే ఒక ప్రభుత్వాన్ని నిలబెట్టారు. అందులో మా ఊరి కల్నల్ స్రెతెన్ వెల్కిచ్ ఒక మంత్రి. వెనకటి పెద్ద యుద్ధంలో ఎడమ చేతి వేళ్ళు రెండు పోగొట్టుకుని, పతకాలతో తిరిగొచ్చిన మనిషి. ఆయన కాఫీ హోటల్లో అడుగు పెడితే కుర్చీలు వెనక్కి జరిగేవి, అందరూ లేచి నిలబడేవాళ్ళు. మంత్రి అయ్యాక మొదటిసారి వచ్చినప్పుడు కూడా కుర్చీలు జరిగాయి. లేచినవాళ్ళు లేచినట్టే బయటికి వెళ్ళిపోయారు.

అక్టోబరు చివర్లో ఎవరో రైలు వంతెన పేల్చారు. మర్నాడు జర్మన్లు ఊళ్ళోంచి అరవైమంది మగవాళ్ళని పట్టుకుపోయి పాత బీరు ఫ్యాక్టరీలో పెట్టారు. ఇంకోసారి ఏం జరిగినా ఈ అరవైమందిలోంచి తీసి కాల్చేస్తామని గోడలమీద కాగితాలు అతికించారు. ఆ అరవైలో నా బావమరిది ఒబ్రెన్ ఒకడు. గడియారాలు బాగుచేసేవాడు, పెళ్ళి కాలేదు, మా మేడ మీదే ఉండేవాడు. కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యనివ్వకుండానే లాక్కుపోయారు.

దిమిత్రి పండుగ కల్నల్ గారింటి పండుగ. ఆ ముందు రోజు జివ్కో నా కొట్టు వెనక కూర్చుని ఒక పీపాకు ఇనుప కట్టు బిగిస్తున్నాడు.

"ఏం షావుకారూ, రేపు మంత్రిగారింటికేనా?"

"నీకెవరు చెప్పారు?"

"మీ ఆవిడ నీ నల్లకోటు దులిపి తీగమీద వేసింది. వీధి వీధంతా చూసింది. నీకన్నా ముందు నీ కోటే వెళ్ళిపోయినట్టుంది వ్యవహారం."

నేను నవ్వలేదు. "ఒబ్రెన్ లోపలున్నాడు జివ్కో."

సుత్తి ఆగింది. "తెలుసయ్యా. నిన్ను వెళ్ళొద్దనడానికి నేనెవణ్ణి? నాకు బావమరిది ఉండి, వాడు అక్కడుంటే నేనూ పాకుతూ పోయేవాణ్ణేమో. దేవుడి దయవల్ల నాకు బావమరుదులు లేరు." మళ్ళీ రెండు దెబ్బలు కొట్టి అన్నాడు: "కల్నల్ వాళ్ళ నాన్న బతికున్నప్పుడు ఇరవై ఏళ్ళు ఆ ఇంటికి పోయాను. ఈ ఏడు ఆ గోధుమ నా గొంతు దిగదు. నా మూడు చెంచాలూ ఆయన్నే తినమను. గొంతుకు అడ్డం పడితే జర్మన్ డాక్టరొచ్చి తీస్తాడు."

వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి వెళ్ళాడు. అది గుర్తుంది.

మర్నాడు పన్నెండు గంటలకి సంచీలో మంచి రకం ఎండు ప్లమ్ పళ్ళు వేసుకుని బయలుదేరాను. దారిలో ఎనిమిది ఇళ్ళు. ఎనిమిది కిటికీల పరదాలు కదిలాయి. కల్నల్ గారి గేటు దగ్గర కాపలా ఉంటుందనుకున్నాను. లేరు. చూస్తే ఇద్దరు పోలీసులు గడ్డివాము వెనక నిలబడి చలికి చేతులు రుద్దుకుంటున్నారు. వచ్చేవాళ్ళు భయపడతారని ఆయనే వాళ్ళని అక్కడికి పంపాడట.

నా అడుగుల చప్పుడు వినగానే ఆయన అక్క సావ్కా గుమ్మంలోకి పరుగున వచ్చింది. ఆవిడ చేతులు పొడిగానే ఉన్నాయి, అయినా తుడుచుకుంటూనే ఉంది.

"రా బాబూ, రా. ఎవరూ... ఇంకా వేళ కాలేదనుకుంటా. అందరూ మెల్లగా వస్తారు."

లోపల గది పొడవునా బల్ల వేసి ఉంది. యాభైమందికి సరిపడా. గోధుమ పళ్ళెం మీద అక్రోటు పప్పుతో పేర్చిన శిలువ చెక్కు చెదరలేదు. గ్లాసులో నీళ్ళు తేటగా ఉన్నాయి. లెక్కపెట్టాల్సిన పనే లేకపోయింది.

కల్నల్ కొవ్వొత్తి పక్కన నిలబడి ఉన్నాడు. పండుగ చేసే ఇంటాయన కొవ్వొత్తి ఆరేదాకా కూర్చోకూడదు. వచ్చినవాళ్ళకి వడ్డిస్తూ నిలబడే ఉండాలి. ఆయన వడ్డించడానికి ఎవరూ రాలేదు, అందుకని ఊరికే నిలబడ్డాడు, కాపలా సిపాయిలాగా. యూనిఫారం లేకుండా ఆయన్ని చూడడం నాకదే మొదలు. మంత్రి కోటు భుజాల దగ్గర వదులు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు.

"పండుగ శుభం, కల్నల్ గారూ."

"కల్నల్ అన్నావు." ఆయన మొహం కాస్త సడలింది. "బెల్‌గ్రేడ్‌లో అంతా మంత్రిగారూ అంటారు తనాస్కో. ఎవర్ని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూస్తుంటాను."

గోధుమ ఒక చెంచాడు తిన్నాను. చెంచా గ్లాసులో వేస్తే ఆ ఖాళీ గదిలో చప్పుడు పెద్దగా వినిపించింది.

పండుగ రొట్టె ఇంకా కొయ్యలేదు. పూజారికి జ్వరమని కబురొచ్చిందట. గుండ్రటి రొట్టెను ఇద్దరు పట్టుకుని తిప్పి, శిలువ ఆకారంలో కోసి, వైను పోసి విరవాలి. ఒక్కడి చేతులతో అయ్యే పని కాదు.

"మావాడుంటే పట్టుకునేవాడు," అన్నాడు కల్నల్. "వాడు జర్మనీలో, ఖైదీ అధికారుల శిబిరంలో ఉన్నాడు. నెలకో కార్డు రాస్తాడు. నేను మంత్రినయిన సంగతి అక్కడ తెలిసినట్టుంది. పోయిన కార్డులో నాన్నా అని రాయలేదు. గౌరవనీయులైన అయ్యగారికి అని మొదలుపెట్టాడు." రొట్టె నా వైపు జరిపాడు. "పట్టుకుంటావా?"

పట్టాను. ఆయన మూడు వేళ్ళ చెయ్యి రొట్టె అంచున, నా చెయ్యి ఇటువైపు. మూడుసార్లు తిప్పాం. విరిచాక ఆనవాయితీ ప్రకారం ఇద్దరం రొట్టెను ముద్దుపెట్టుకున్నాం. పెద్ద ముక్క నా చేతిలో ఉండిపోయింది. పెద్ద ముక్క ఎవరి చేతిలో ఉంటే ఆ ఏడు వాళ్ళకి కలిసొస్తుందంటారు.

"పెద్దది నీకే వచ్చింది షావుకారూ," అన్నాడు.

సావ్కా సూప్ తెచ్చింది, మాంసం తెచ్చింది, మళ్ళీ ఇంకేదో తెచ్చింది. యాభైమంది వంట నా ముందుకే వస్తోంది. తెస్తూ తెస్తూ ఆవిడ ఆగి అడిగింది:

"ఎవరైనా నమస్కారం చెప్పి పంపారా బాబూ?"

మాలో అదొక మర్యాద. పండుగకు వచ్చినవాడు ఒట్టి చేతులతో రావచ్చు గాని ఒట్టి నోటితో రాకూడదు. రాలేనివాళ్ళ నమస్కారాలు మోసుకురావాలి, పేరుతో సహా చెప్పాలి. ఫలానావాడికి ఒంట్లో బాగాలేదు, ఫలానావాడు ఊళ్ళో లేడు, అయినా తమరిని తలచుకున్నాడు అని. నేను ఆవిడ మొహం చూశాను. బల్లమీద తడవని చెంచాల వరస చూశాను. కల్నల్ కొవ్వొత్తి వైపు తిరిగి, వినడం లేదన్నట్టు నిలబడ్డాడు. వింటున్నాడు.

ఒక్క పేరు చాలనుకున్నాను.

"పంపారమ్మా. జివ్కో పంపాడు. కాలు వాచి నడవలేకపోతున్నాడు గాని, లేకపోతే వచ్చేవాడే. తన మూడు చెంచాలూ కల్నల్ గార్నే తినమన్నాడు."

ఎంత చిన్న అబద్ధం! బరువు కోసం ఎండు పళ్ళమీద చిలకరించే నీళ్ళంత కూడా కాదు.

కల్నల్ ఇటు తిరిగాడు. ఆ రోజు ఆయన నవ్వడం అదొక్కసారే చూశాను. "జివ్కో! పీపాల జివ్కో! అక్కా, గుర్తుందా? నాన్న వాణ్ణి చూసి, వీడు మనిషి కాదు ముగ్గురు అనేవాడు." పళ్ళెం దగ్గరికొచ్చి ఒక చెంచా తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోది తిన్నాడు. మూడూ ఒక్కొక్కటిగా గ్లాసులో వేశాడు. సావ్కా కొంగులాంటి తన తలగుడ్డ అంచుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ నవ్వు చల్లారక ముందే నేను ఒబ్రెన్ సంగతి చెప్పాను. సరుకు ఎప్పుడు అడగాలో తెలిసినవాణ్ణి.

ఆయన విన్నాడు.

"దీనికోసమే వచ్చావన్నమాట."

"వచ్చింది పండుగకి. అడిగింది మావాడి కోసం."

"ఊళ్ళో అంతా నన్నేమంటున్నారో తెలుసు తనాస్కో. నేనూ నీలాగే లెక్క వేశాను. వాళ్ళు వందమందిని చంపుతామంటారు. నేను ఆ కుర్చీలో ఉంటే యాభై అనిపించగలను. మిగతా యాభైమందికీ నేను తప్ప గతి లేదు, కాని వాళ్ళలో ఒక్కడికీ ఆ సంగతి తెలియదు. చచ్చిన యాభైమంది ఇళ్ళవాళ్ళకి మాత్రం నా పేరు తెలుస్తుంది." జేబులోంచి తన పేరున్న కార్డు తీసి వెనకవైపు ఒబ్రెన్ని వదలమని రెండు వరసలు రాశాడు. "ఆ కుర్చీ నేను వద్దంటే ఇంకొకడు కూర్చుంటాడు, వాడికి లెక్కలే రావు."

ఆయన చెప్పింది నాకు అర్థమైంది. అందుకే నాకు భయం వేసింది. బేరం చేసేవాడి మాట బేరం చేసేవాడికి వెంటనే అర్థమవుతుంది. ఎదుటివాడు పెట్టిన ధర దగ్గర మొదలుపెట్టి సగానికి దింపి, గెలిచాననుకుంటాం. అసలు ఆ సరుకు వాడిదేనా అని అడగడం మరిచిపోతాం.

మూడోరోజు పొద్దున ఒబ్రెన్ ఇంటికొచ్చాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి. మా ఆవిడ స్టానా వాణ్ణి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, నీళ్ళు కాచింది. "చూశావా," అంది నాతో, "వెళ్ళమన్నాను చూశావా!" ఆ పూట మా ఇంట్లో పండుగలాగే ఉంది.

మధ్యాహ్నం పోలీసులు జివ్కో షెడ్డుకు వెళ్ళి అతన్ని తీసుకుపోయారు. సగం వంచిన చెక్కలు కట్టులో అలాగే ఉండిపోయాయట.

సాయంత్రం కాకముందే అతని భార్య రూజా మా గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నువ్వు ఆ ఇంటికి వెళ్ళొచ్చిన మూడోరోజు మీవాడొచ్చాడు, మావాడు పోయాడు. అక్కడ ఎవరి పేరు చెప్పావు తనాస్కో?"

"ఎవరి పేరూ చెప్పలేదు రూజా. ఒబ్రెన్ పేరు తప్ప నా నోటి వెంట రాలేదు."

"ఒట్టు వెయ్యి."

"మా ఇంటి సాధువు నికోలా మీద ఒట్టు."

నేను అబద్ధమాడలేదు. అప్పటికి అదే నిజమని నమ్మాను. పేరు చెప్పడమంటే పట్టించడం అనుకున్నాను. నమస్కారం మోసుకెళ్ళడం నా లెక్కలోకే రాలేదు. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసి, నమ్మిందో లేదో చెప్పకుండా వెళ్ళిపోయింది.

తలుపు వేసి వెనక్కి తిరిగితే మెట్లమీద ఒబ్రెన్.

"బావా, వాళ్ళు రోజూ పొద్దున మమ్మల్ని వరసలో నిలబెట్టి లెక్కపెడతారు. అరవై అంటే అరవై. నేను బయటికొస్తే యాభై తొమ్మిది. ఆ ఖాళీ ఖాళీగా ఉంటుందనుకున్నావా? ఇన్నేళ్ళు త్రాసు పట్టుకున్నావే."

"నీ ప్రాణం గురించే ఆలోచించానురా."

"నేనూ అంతే. గేటు తీసి పొమ్మంటే వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తాను." మెట్టుమీద కూలబడ్డాడు. "జివ్కో అని తెలిస్తే మాత్రం ఆగేవాణ్ణా? ఏమో. అది తెలియకుండా చేశావు."

నేను కల్నల్‌కి రెండు ఉత్తరాలు రాశాను, ఒక టెలిగ్రాం ఇచ్చాను. ఆయన బెల్‌గ్రేడ్‌లో ఉన్నాడు. జవాబు రాలేదు. స్టానా రోజూ ఒక గిన్నెలో ఏదో ఒకటి వండి రూజా గుమ్మంలో పెట్టి వచ్చేది. గిన్నె అలాగే, మూత తియ్యకుండా, మా గుమ్మంలోకి తిరిగొచ్చేది.

డిసెంబరులో ఎవరో మళ్ళీ పట్టాలు తొలగించారు. ఆంద్రెయా సాధువు పండుగ ముందు రోజున ఇటుకబట్టీ దగ్గర ఇరవైమందిని కాల్చేశారు. గోడమీద కాగితంలో జివ్కో పేరు పదకొండోది. శవాలు ఇవ్వలేదు. ఎక్కడ పూడ్చారో చెప్పలేదు.

ఆ మర్నాడు ఒబ్రెన్ తన పనిముట్లు తోలు సంచీలో సర్దుకున్నాడు.

"ఎక్కడికిరా?" అంది స్టానా.

"ఎక్కడికైనా అక్కా. ఈ ఇంట్లో అన్నం తింటుంటే చెక్కపొట్టు వాసన వస్తోంది."

నా చేతి గడియారం తీసుకుని, వెనక మూత తీసి, ఏదో సరిచేసి, కీ ఇచ్చి తిరిగి నా చేతికి కట్టాడు. అంతే. మేడమీద అతను బాగుచేయడానికి తెచ్చిన గోడ గడియారాలు ఏడెనిమిది ఉండేవి. వారం లోపల ఒక్కొక్కటే ఆగిపోయాయి. కీ ఇవ్వడం నాకు తెలుసు. ఇవ్వలేదు.

ఊరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, జవాబు చెప్పేవాణ్ణి. కొట్టు ముందుకొచ్చేసరికి వీధి అవతలికి దాటి, నా కొట్టు దాటాక మళ్ళీ ఇవతలికి వచ్చేవాళ్ళు. మంచుమీద ఆ అడుగుల గుర్తులు వంపు తిరిగి కనిపించేవి, ఏదో గుంట చుట్టూ నడిచినట్టు.

నికోలా సాధువు పండుగ శుక్రవారం వచ్చింది. ఉపవాసాల రోజులు, చేపా చిక్కుళ్ళే వంట. గోధుమ ఊళ్ళో దొరకడం మానేసి నెలైంది. స్టానా పిండిడబ్బా అడుగున దాచిన గింజలు తీసి ఉడికించింది, అక్రోటు పప్పుతో శిలువ పేర్చింది. చెంచాలు పెట్టబోతుంటే అన్నాను:

"పది చాలవూ?"

"ఎవరొస్తారో నీకేం తెలుసయ్యా?" అని నలభైయ్యీ పెట్టింది.

కొవ్వొత్తి వెలిగించి పక్కన నిలబడ్డాను. పది గంటలైంది. పన్నెండైంది. పూజారికి మళ్ళీ జ్వరం. ఇంటాయన కూర్చోకూడదు. ఖాళీ గదిలో నిలబడితే కాళ్ళకన్నా ముందు చేతులు నొప్పిపుడతాయని ఆ రోజే తెలిసింది. దిమిత్రి పండుగ నాడు ఆయన చేతులు ఎందుకలా ఉన్నాయో అర్థమైంది.

రెండు గంటలప్పుడు మంచులో అడుగుల చప్పుడు. స్టానా పరుగున వెళ్ళింది, చేతులు తుడుచుకుంటూ. తలుపు తీసి, పక్కకు జరిగింది.

కల్నల్. ఒక్కడే, కాపలా లేకుండా, నడిచి. బిళ్ళలు తీసేసిన పాత సైనిక కోటు వేసుకున్నాడు.

"పండుగ శుభం తనాస్కో. మా ఇంటికొచ్చినవాడి ఇంటికి రాకపోతే ఎలా?"

పొమ్మనకూడదు. అది మా పద్ధతి. గోధుమ పళ్ళెం చూపించాను. ఒక చెంచా తిని గ్లాసులో వేశాడు. రొట్టె చూసి, నన్ను చూసి, అవతలి అంచు పట్టుకున్నాడు. ముగ్గురమే ఉన్న గదిలో రొట్టె తిప్పాం, విరిచాం.

"సావ్కా నమస్కారం చెప్పమంది," అన్నాడు.

అప్పుడడిగాను. "ఎందుకు జివ్కోనే తీసుకుపోయారు కల్నల్ గారూ?"

ఆయన తప్పించుకోలేదు. ఆ మాట మాత్రం చెప్పాలి. బల్లమీది రొట్టె పొడిని మూడు వేళ్ళతో ఒకచోటికి తోస్తూ చెప్పాడు:

"ఒక పేరు తీస్తే ఒక పేరు ఇమ్మన్నారు. ఫోన్‌లో అడిగారు, అప్పటికప్పుడు చెప్పమన్నారు. ఊళ్ళో ఇప్పుడు నాకెవరు తెలుసు తనాస్కో? ఇరవై ఏళ్ళు కంటోన్మెంట్లలో గడిపాను. ఉన్నవాళ్ళు నా మొహం చూడడం లేదు. నోటికొచ్చిన పేరు అది. ఆ రోజు నువ్వు నా ఇంటికి తెచ్చిన పేరు అదొక్కటే."

స్టానా చేతిలో గరిటె ఆగిపోయింది.

"కాలు వాచిందన్నావుగా," అన్నాడు కల్నల్, ఇంకా మెల్లగా. "నడవలేనివాణ్ణి ఫ్యాక్టరీదాకా తీసుకెళ్ళరులే, వదిలేస్తారు అనుకున్నాను. అలా కూడా లెక్క వేశాను."

తలుపు దగ్గర చప్పుడైంది. మేం మూసిందే లేదు. పండుగ రోజు మూయం. రూజా నిలబడి ఉంది. నల్లటి తలగుడ్డ, భుజాలమీద మంచు. ఎప్పటినుంచి ఉందో తెలియదు. కల్నల్ ఆడమనిషిని చూసిన అధికారిలాగా అలవాటుగా లేచి నిలబడ్డాడు.

ఆవిడ ఆయన్ని చూసింది. నన్ను చూసింది. తిన్నగా కొవ్వొత్తి దగ్గరికొచ్చి శిలువ గుర్తు వేసుకుంది. పండుగ శుభమని అనలేదు.

"నా దగ్గర గింజ లేదు," అంది స్టానాతో. "మావాడి పేరు మీద గోధుమ ఉడికించాలి. శవం లేదు, సమాధి లేదు, గోధుమైనా ఉండాలి. ఊళ్ళో గోధుమ ఉడికింది ఈ ఇంట్లోనేనని వాసనబట్టి తెలిసింది."

చెంచా తీసుకుని తిన్నది. నీళ్ళలో వేసింది. రెండోది తీసుకుంది. మూడోది తీసుకునేసరికి నాలుగు గింజలు బల్లమీద పడితే, వాటిని కూడా వేలితో ఏరి నోట్లో వేసుకుంది. గ్లాసులో మూడో చెంచా చప్పుడైంది.

ఊరుకుంటే ఆవిడ వెళ్ళిపోయేది. నా ఒట్టు నిలిచేది. ఆ గదిలో నిజం తెలిసినవాళ్ళు ముగ్గురమే, ముగ్గురికీ ఊరుకోవడమే లాభం. లెక్క అంత తేలిక.

"రూజా, పేరు నేనే చెప్పాను," అన్నాను. "ఒట్టు వేసినప్పుడు నాకు తెలియదు. పట్టించడానికి చెప్పలేదు. జివ్కో నమస్కారం పంపాడని చెప్పాను. ఎవరూ రాలేదు, ఈయన అక్కగారు అడిగింది... మర్యాదకి."

"నమస్కారమా?" ఆవిడ నాకేసి విచిత్రంగా చూసింది. "మావాడా? ఈయనకా?"

"పంపలేదు. నేను కల్పించాను."

"ఏమన్నాడు నిజంగా?"

చెప్పాను. గొంతు దిగదన్నది, మూడు చెంచాలూ ఆయన్నే తినమన్నది, జర్మన్ డాక్టరు సంగతి, అంతా. కల్నల్ వింటూ నిలబడ్డాడు. మొదటిసారి రూజా మొహంలో జివ్కో పెళ్ళాం కనిపించింది, అతను ఏదైనా అన్నప్పుడు పెదవి బిగబట్టి నవ్వాపుకునే మనిషి. అంతలోనే అది పోయింది.

"అన్నది అన్నట్టు చెప్పి ఉండాల్సింది తనాస్కో," అంది. "అప్పుడూ పట్టుకుపోయేవాళ్ళేమో. కాని తను అన్న మాటకు పోయేవాడు. నువ్వు అన్న మాటకు పోయాడు."

తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది. గుమ్మం బయట ఆవిడ బూట్లకింద మంచు నలిగిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

కల్నల్ టోపీ తీసుకున్నాడు. గ్లాసు వైపు చూశాడు. "ఆ రోజు మూడు చెంచాలూ నేను తిన్నాను," అన్నాడు, నాతో కాదు. తర్వాత వెళ్ళిపోయాడు. మా గుమ్మందాకా వచ్చిన రెండు వరసల అడుగులు గేటు దగ్గర రెండు వైపులకి విడిపోయాయి. ఎవరూ వాటిని దాటి రాలేదు.

వెలుగు తగ్గాక స్టానా చెంచాలు తీసింది. తడవని ముప్పై ఆరు ఎప్పటిలాగే గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. తడిసిన నాలుగూ వేడినీళ్ళలో కడిగి, తుడిచి, వాటిని పెట్టెలో పెట్టకుండా బల్లమీదే వరసగా ఉంచింది. అమ్మ ఉంటే నలుగురొచ్చారనేది.

"కూర్చోవయ్యా," అంది స్టానా. "ఇంకెవరూ రారు."

కొవ్వొత్తి ఇంకా వేలెడంత మిగిలి ఉంది. నేను నిలబడే ఉన్నాను.